మరో రెండొందల గ్రాముల రొట్టె

అది 1943 అక్టోబరు 15. అజోవ్ సముద్రపు ఒడ్డున యెయిస్క్ అనే చిన్న ఊరు. జర్మన్ సేనలు ఆ ఊరు వదిలి వెళ్లి ఎనిమిది నెలలైంది. యుద్ధం మాత్రం ఇంకా ముగియలేదు. ఎక్కడ చూసినా తిండికి కటకటే. మనిషికి ఇంతని తూచి, కార్డు మీద రొట్టె ఇస్తున్నారు. ఆ ఊళ్లో ఉంటున్న ఓ పెద్దాయన అధికారులకు అర్జీ రాసుకున్నాడు. రొట్టె కార్డు మీద తనకు 500 గ్రాములు వస్తోందనీ, అది తనకు చాలడం లేదనీ, ఇంకో 200 గ్రాములు కలిపి ఇప్పిస్తే ప్రాణం నిలుపుకోగలననీ ఆ అర్జీ సారాంశం.

ఆయనకు 72 ఏళ్లు నిండి సరిగ్గా వారమైంది. పేరు ఇవాన్ పొద్దుబ్నీ. ఒకప్పుడు ఆ పేరు గోడ మీద కనిపిస్తే చాలు, సర్కస్ డేరా కిటకిటలాడేది. ప్యారిస్ నుంచి పీటర్స్‌బర్గ్ వరకూ ఎందరో వస్తాదులను వెల్లకిలా పడేసిన చేతులవి. జనం ముద్దుగా ‘చాంపియన్లకే చాంపియన్’ అని పిలుచుకున్న మల్లుడు. అలాంటివాడు గుప్పెడు రొట్టె కోసం ఎందుకు చేయి చాచాల్సి వచ్చింది? ఆ కథ తెలియాలంటే ఉక్రెయిన్‌లోని ఓ పల్లెటూరి నుంచి మొదలుపెట్టాలి.

నాన్నే తొలి వస్తాదు

ఇవాన్ పుట్టింది 1871 అక్టోబరు 8న. ఊరు క్రాసెనివ్కా. అప్పట్లో రష్యా సామ్రాజ్యంలోని పోల్తావా ప్రాంతం కిందికి వచ్చేది. ఇప్పుడు ఉక్రెయిన్‌లోని చెర్కాసి ప్రాంతంలో ఉంది. అతడిది కొసాక్కుల కుటుంబం. గుర్రపు స్వారీకీ, కత్తి సాముకీ పేరుపడ్డ జాతి అది. అయితే ఇవాన్ పుట్టేనాటికి కత్తులు అటకెక్కాయి. మిగిలింది నాగలి. తండ్రి మక్సిమ్ మామూలు రైతు. మంచి దిట్టమైన మనిషి. పండగపూట ఊరి జనం చుట్టూ మూగితే పెద్దకొడుకుతో సరదాగా కుస్తీ పట్టేవాడట. అలా ఇవాన్‌కి తొలి గురువు, తొలి ప్రత్యర్థి కూడా కన్నతండ్రే.

ఇంటిపేరు గురించి ఓ మాట. ‘పొద్దుబ్నీ’ అన్నది రష్యన్ పలుకు. ఉక్రెయిన్ భాషలో ‘పిద్దుబ్నీ’ అంటారు. ‘దుబ్’ అంటే ఓక్ చెట్టు. ఆ చెట్టు నీడన ఉండేవాళ్లని అర్థం వస్తుంది. మనిషి చూస్తే చెట్టులాగే ఉండేవాడు. ఎత్తు 184 సెంటీమీటర్లు. కుస్తీల్లో వెలిగిన రోజుల్లో బరువు సుమారు 120 కిలోలు.

ఇరవై రెండేళ్ల వయసులో ఊళ్లో కలవారి అమ్మాయిని ఇష్టపడ్డాడు. కూలి పనులు చేసుకునేవాడికి పిల్లనెవరిస్తారు? పెద్దలు ససేమిరా అన్నారు. నాలుగు డబ్బులు కూడబెట్టుకుని వచ్చి అడుగుదామనుకున్నాడు. క్రిమియా బాట పట్టాడు. సెవస్తోపోల్ రేవులో మూటలు మోసే కూలీగా చేరాడు. ఆ తర్వాత ఫియొదోసియా రేవుకు మారాడు. ఓడలో నుంచి ఒడ్డుకు వేసిన సన్నటి బల్ల మీద, వీపున కొండంత పెట్టె పెట్టుకుని అడుగులో అడుగు వేసుకుంటూ నడవాలి. రోజుకు 14 గంటల పని. తెలియకుండానే అదో వ్యాయామశాల అయింది. కాళ్లకు నిలకడ, నడుముకు బిగువు, వీపుకు ఓర్పు అక్కడే వచ్చాయి.

మూటల నుంచి గోదాకి

ఫియొదోసియాలో అతడి గదికి ఇరుగుపొరుగున నౌకా విద్య చదువుకునే ఇద్దరు కుర్రాళ్లుండేవారు. వాళ్లకు కసరత్తంటే పిచ్చి. బరువులెత్తడం, చన్నీళ్ల స్నానం, పద్ధతి ప్రకారం తిండి... అన్నీ వాళ్ల దగ్గరే నేర్చుకున్నాడు ఇవాన్. బలం ఒకటుంటే చాలదు, దాన్ని సాధన చేసుకోవాలన్న సంగతి అప్పుడే తెలిసింది.

1896లో ఆ ఊరికి బెస్కొరొవాయ్నీ సర్కస్ వచ్చింది. ఆ రోజుల్లో సర్కస్ అంటే ఏనుగులు, కోతులే కాదు. ఆట చివర్లో కుస్తీలుండేవి. జనం అసలు వచ్చేదే వాటికోసం. ‘మా మల్లులతో తలపడే మగాడు మీలో ఎవరైనా ఉన్నారా?’ అని ప్రేక్షకులకు సవాలు విసిరేవాళ్లు. రేవు కూలీ లేచాడు. నడుముకు కట్టిన బెల్టు పట్టుకుని పోట్లాడే కుస్తీ అది. ఒకరి తర్వాత ఒకరు ఆ సర్కస్ మల్లులు నేల కరిచారు. ఊరంతా అతడి గురించే చెప్పుకుంది. ఇంకేం, పెళ్లి కోసం డబ్బు సంపాదించుకుందామని వచ్చినవాడు పల్లెను మరిచిపోయాడు. మరుసటేడు సెవస్తోపోల్‌లోని త్రుజ్జీ సర్కస్‌లో చేరిపోయాడు.

ఈ కబురు ఇంటికి చేరింది. కొడుకు బిగుతు బట్టలేసుకుని జనం ముందు ఇనుప గుండ్లు ఎత్తుతున్నాడని తెలిసి మక్సిమ్ మండిపడ్డాడు. సేద్యం చేసుకునే కుటుంబానికి అది తలవంపులు మరి! ‘నాన్న కోపంగా ఉన్నాడు. వస్తే బండికాడి విరిగేదాకా కొడతానంటున్నాడు. పండక్కి రాకపోవడమే మంచిది’ అని తమ్ముళ్లు ఉత్తరం రాశారని చెబుతారు. ఇవాన్ వెళ్లలేదు. కీవ్‌లో నికితిన్ సోదరుల సర్కస్‌కి మారాడు. పేరు పెరిగింది.

మన దేశంలోనూ సర్కస్‌కీ మల్లవిద్యకూ అలాంటి బంధమే ఉండేది. ‘ఇండియన్ హెర్క్యులిస్’గా పేరొందిన వీరఘట్టం వీరుడు కోడి రామ్మూర్తి నాయుడిదీ దాదాపు అదే కాలం. ఆయనకూ సర్కస్ డేరానే వేదిక. టీవీ, సినిమా లేని ఆ రోజుల్లో మనిషి బలాన్ని జనం కళ్లారా చూసే చోటు అదొక్కటే.

నడుము పైనే యుద్ధం

1903లో పొద్దుబ్నీకి పీటర్స్‌బర్గ్ నుంచి పిలుపొచ్చింది. అక్కడి వ్యాయామ సంఘం అధ్యక్షుడు కౌంట్ రిబోపియెర్ అతణ్ని కూర్చోబెట్టి విషయం చెప్పాడు. ప్యారిస్‌లో ప్రపంచ కుస్తీ పోటీలు జరగబోతున్నాయి, రష్యా తరఫున నువ్వు వెళ్లాలి అన్నాడు. చిక్కేమిటంటే, పొద్దుబ్నీకి అలవాటైంది బెల్టు కుస్తీ. ప్యారిస్‌లో జరిగేది ఫ్రెంచి కుస్తీ. దాన్నే ఇవాళ గ్రీకో-రోమన్ అంటున్నాం.

పేరు చూసి ప్రాచీన గ్రీసు నుంచి వచ్చిందనుకుంటాం కానీ, ఈ పద్ధతికి రూపురేఖలు ఏర్పడింది 19వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో. మన ఊళ్లలో కనిపించే కుస్తీకీ దీనికీ పెద్ద తేడా ఒకటుంది. మన పహిల్వాన్ అవతలివాడి కాలు పట్టి లాగొచ్చు, కాలు అడ్డం వేసి పడగొట్టొచ్చు. గ్రీకో-రోమన్‌లో అవేం కుదరవు. పట్టు ఏదైనా నడుముకు పైనే. కాళ్లతో మెలిక వేయకూడదు. కాలు పట్టుకోకూడదు. ఛాతీకి ఛాతీ ఆనించి, చేతులతో బంధించి, మనిషిని మొత్తంగా ఎత్తి పడేయాలి. రెండు భుజాలూ నేలకు ఆనితే చిత్తు అయినట్టే. అందుకే ఇందులో వీపు, మెడ, చేతులు రాళ్లలా ఉండాలి. ప్రత్యర్థి 120 కిలోలుంటే ఆ 120 కిలోలనూ కేవలం పైభాగపు బలంతో లేపాలి. రేవులో పెట్టెలు మోసిన వీపు ఇక్కడ అక్కరకొచ్చింది.

ఫ్రెంచి శిక్షకుడి దగ్గర మూడు నెలలు సాధన చేశాడు పొద్దుబ్నీ. రోజూ ఒకరి తర్వాత ఒకరు ముగ్గురితో ఆపకుండా కుస్తీ. తర్వాత పరుగు, చన్నీళ్ల స్నానం. అలా రాటుదేలి రైలెక్కాడు.

ఆలివ్ నూనె దెబ్బ

ప్యారిస్‌కి 130 మంది మల్లులొచ్చారు. ఒక్కసారి ఓడితే ఇక ఇంటికే. పొద్దుబ్నీ వరసగా 11 మందిని ఓడించాడు. ఆ తర్వాత ఎదురుపడ్డవాడు రౌల్ లె బూషే. ‘బూషే’ అంటే ఫ్రెంచిలో కసాయి అని అర్థం. 20 ఏళ్ల కుర్రాడు. ప్యారిస్ జనానికి కళ్లలో పెట్టుకున్న వీరుడు.

ఆట మొదలైంది. పొద్దుబ్నీ పట్టు బిగించాడు. రౌల్ చేపలా జారిపోయాడు. మళ్లీ పట్టాడు. మళ్లీ జారాడు. కాసేపటికి అసలు సంగతి బయటపడింది. రౌల్ ఒంటి నుంచి చెమటతో పాటు నూనె కారుతోంది. ఒంటికి ముందే ఆలివ్ నూనె బాగా పట్టించుకుని వచ్చాడు. ఆ నూనె ఒంట్లోకి ఇంకి, ఒళ్లు వేడెక్కి చెమట పట్టగానే పైకి తేలుతోంది. పొద్దుబ్నీ ఆట ఆపి న్యాయనిర్ణేతలకు చూపించాడు. వాళ్లు చూశారు. నిజమేనన్నారు. కానీ పోటీ రద్దు చేయలేదు. అయిదు నిమిషాలకోసారి రౌల్ ఒళ్లు తువ్వాలుతో తుడవాలని మాత్రం తీర్మానించారు. తుడిచేవారు. మళ్లీ నూనె తేలేది.

గంట గడిచింది. ఎవరూ చిత్తు కాలేదు. చివరికి తీర్పు వచ్చింది. ప్రత్యర్థి పట్ల నుంచి అందంగా, నేర్పుగా తప్పించుకున్నందుకు రౌల్ గెలిచినట్టు ప్రకటించారు! సభ గోలెత్తిపోయింది. ఫ్రెంచి ప్రేక్షకుల్లోనే చాలామంది అది అన్యాయమన్నారు.

పొద్దుబ్నీ కుంగిపోయాడు. ఓడిపోయినందుకు కాదు. కళ్లముందు మోసం జరుగుతుంటే చూసి, ఒప్పుకుని, దానికే బహుమతి ఇచ్చినందుకు. కుస్తీ మానేస్తానన్నాడు. స్నేహితులు అతి కష్టం మీద సర్దిచెప్పారు.

ఇరవై నిమిషాల శిక్ష

మరుసటేడు, 1904లో పీటర్స్‌బర్గ్‌లోని చినిసెల్లి సర్కస్ భవనంలో అంతర్జాతీయ పోటీలు పెట్టారు. రౌల్ కూడా వచ్చాడు. పోటీకి ముందు పొద్దుబ్నీకి లంచం ఇవ్వజూపాడని కూడా చెబుతారు. ఈసారి నూనె ఆటలు సాగలేదు. పొద్దుబ్నీ అతణ్ని గోదాలో మోకాళ్ల మీద, చేతుల మీద వంచేసి వదలకుండా అలాగే ఉంచాడు. ఒక నిమిషం కాదు, రెండు నిమిషాలు కాదు... ఏకంగా 20 నిమిషాలు! చిత్తు చేసే అవకాశం ఉన్నా చేయలేదు. ఇది ఆలివ్ నూనెకు, ఇది మోసానికి అని అంటూనే ఉన్నాడట. జనం ఈలలు, కేకలు. చివరకు న్యాయనిర్ణేతలే జాలిపడి రౌల్‌ని విడిపించారు.

అదే పోటీల్లో ఫ్రాన్స్‌కు చెందిన పాల్ పాన్స్‌ని కూడా ఓడించాడు. పాన్స్ అంటే మామూలువాడు కాదు. రెండు మీటర్ల మనిషి. 1898లో వృత్తి మల్లుల ప్రపంచ విజేత. ఆ రాత్రితో రష్యా సామ్రాజ్యంలో పొద్దుబ్నీ పేరు తెలియని ఇల్లు లేకుండా పోయింది.

1905లో మళ్లీ ప్యారిస్ వెళ్లాడు. రెండేళ్ల కిందట తనను నూనెతో ఓడించిన ఊళ్లోనే ప్రపంచ విజేతగా నిలిచాడు. 1909 వరకు ఆ పేరు నిలబెట్టుకుంటూ వచ్చాడు. ఇటలీ, ఫ్రాన్స్, జర్మనీ, బెల్జియం... ఎక్కడికి వెళ్లినా పెద్ద బొమ్మతో పోస్టర్లు. పుడు బరువున్న, అంటే 16 కిలోల ఇనుప చేతికర్ర పట్టుకుని వీధుల్లో తిరిగేవాడని జనం కథలు కథలుగా చెప్పుకునేవారు.

పడుకోమంటే పడుకోడు

ఇక్కడ ఓ సంగతి చెప్పుకోవాలి. అప్పటి సర్కస్ కుస్తీల్లో సగానికి సగం నాటకమే. ఎవరు గెలవాలో, ఎన్నో నిమిషంలో ఎవరు చిత్తు కావాలో నిర్వాహకుడు ముందే చెప్పేవాడు. ఊరి వీరుణ్ని ఓడిస్తే మర్నాడు టికెట్లు తెగవు కాబట్టి, ఫలానా రోజు నువ్వు పడిపోవాలని బయటివాడికి డబ్బు ముట్టజెప్పేవారు. మల్లుల్లో చాలామంది ఆ లెక్కకు అలవాటుపడ్డారు. కుటుంబాలు గడవాలి కదా!

పొద్దుబ్నీ దగ్గర మాత్రం ఆ బేరం కుదిరేది కాదు. పడుకోమంటే పడుకునేవాడు కాదని పేరు. ‘నన్ను పడేయగలిగితే పడేయండి’ అన్నట్టుండేది వరస. దీంతో నిర్వాహకులకు అతడంటే ఒకటే గుండెదడ. అతడు లేకపోతే జనం రారు. ఉంటే చెప్పినట్టు వినడు. కొత్తగా వచ్చిన కుర్రాళ్ల మీద కూడా దయ చూపేవాడు కాదని, పట్టు మరీ మోటుగా ఉండేదని తోటివాళ్లు విసుక్కునేవారు.

అతడు జీవితంలో ఒక్కసారి కూడా ఓడలేదని సోవియట్ కాలంలో గొప్పగా రాశారు. అది అతిశయోక్తే. 1903లో జరిగింది మోసం అనుకున్నా, ఆ తర్వాతా ఓటములున్నాయి. పోలండ్‌కు చెందిన స్టానిస్లాస్ జిబిష్కోతో అతడికి గట్టి పోటీ ఉండేది. ఈ జిబిష్కో పేరు కుస్తీ తెలిసిన భారతీయులకు కొత్త కాదు. 1910 సెప్టెంబరులో లండన్‌లో మన గామా పహిల్వాన్‌తో తలపడి, గెలవలేక, పడిపోకుండా ఉంటే చాలని సుమారు మూడు గంటల పాటు నేలను కరుచుకుని ఉండిపోయింది ఇతగాడే. 1928లో పటియాలాకు వచ్చి మళ్లీ తలపడితే గామా ఒక్క నిమిషం కూడా పట్టకుండా చిత్తు చేశాడు. పొద్దుబ్నీ ఎలాంటివాళ్ల మధ్య పెరిగాడో, పోరాడాడో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఓడని మనిషి కాదు అతడు. అమ్ముడుపోని మనిషి. ఆ రెంటికీ తేడా ఉంది.

దుక్కిలో ఓటమి

1910లో విసుగెత్తిపోయాడు పొద్దుబ్నీ. ఈ మోసాల లోకం తనకొద్దనుకున్నాడు. అప్పటికి వయసు 39. సంపాదించిన డబ్బుతో సొంత ప్రాంతానికి వెళ్లి భూమి కొన్నాడు. అందగత్తె అయిన నటి ఆంటోనినాను పెళ్లి చేసుకున్నాడు. పెద్ద ఇల్లు, పిండి మరలు, తేనెటీగల పెంపకం... దర్జాగా రైతు జీవితం మొదలుపెట్టాడు. బంధువులకు తలా కాస్త పొలం పంచాడు.

అయితే గోదాలో తిరుగులేనివాడు లెక్కల పుస్తకం ముందు తేలిపోయాడు. ఖర్చుకు హద్దు లేదు. పంట సంగతి చూసుకునేవాళ్లు లేరు. తమ్ముడొకడు తాగిన మైకంలో మరకు నిప్పుపెట్టాడంటారు. మూడేళ్లు తిరిగేసరికి ఆస్తి హరించుకుపోయింది. 1913లో, 42 ఏళ్ల వయసులో మళ్లీ బిగుతు బట్టలు తొడుక్కుని గోదాలోకి దిగాడు. ఈసారి పేరు కోసం కాదు, పొట్ట కోసం.

ఆ తర్వాత ఏడాదికే మొదటి ప్రపంచ యుద్ధం. 1917లో విప్లవం. వెంటనే అంతర్యుద్ధం. ఒకే ఊరు ఈ వారం తెల్లసేన చేతిలో, వచ్చే వారం ఎర్రసేన చేతిలో, ఆ పై వారం మరో దండు చేతిలో ఉండేది. సర్కస్‌లు మాత్రం ఆగలేదు. ఎవరు ఏలినా ఆట ఆడాల్సిందే. పొద్దుబ్నీ ఎవరి పక్షమూ తీసుకోలేదు. ఆడమన్న చోట ఆడాడు. కెర్చ్‌లో తాగిన అధికారి ఒకడు తుపాకీ కాలిస్తే తూటా భుజాన్ని రాసుకుంటూ పోయిందట. ఒడెస్సాలో అయితే రహస్య పోలీసులు వేరే ఎవరినో అనుకుని పట్టుకెళ్లారు. ఇంటిపేరు కాస్త దగ్గరగా ఉండటమే అతడు చేసిన నేరం! కాల్చేయడానికి సిద్ధమయ్యాక, అసలు మనిషి వేరని తెలిసి వదిలేశారు.

ఇంటికొచ్చాక ఇంకో దెబ్బ. భార్య ఓ సైనికాధికారితో వెళ్లిపోయింది. పోతూ పోతూ అతడి బంగారు పతకాలు చాలావరకు పట్టుకుపోయిందని చెబుతారు. కొంతకాలానికి క్షమించమని ఉత్తరం రాస్తే అతడు మళ్లీ రానివ్వలేదట. 1920ల్లో రొస్తోవ్‌కు చెందిన మరియాను పెళ్లాడాడు. ఆమెతోనే చివరిదాకా కాపురం సాగింది.

54 ఏళ్లకు కొత్త పాఠం

1925లో పొద్దుబ్నీ అమెరికా ఓడ ఎక్కాడు. వయసు 54. ఆ వయసులో మల్లులు మనవళ్లను ఆడిస్తుంటారు. పైగా అక్కడ గ్రీకో-రోమన్‌కి గిరాకీ లేదు. కాళ్లు పట్టొచ్చు, మెలికలు వేయొచ్చు అనే ‘క్యాచ్’ కుస్తీదే రాజ్యం. ముప్పై ఏళ్లు కాలు ముట్టకూడదని నేర్చుకున్నవాడు ఇప్పుడు కాలు పట్టడం నేర్చుకోవాలి! నేర్చుకున్నాడు. వయసు మీరినవాళ్లు గోదాలోకి దిగాలంటే వైద్యుల అనుమతి కావాలన్నారు. పరీక్ష చేసిన వైద్యులు అంతా బాగుందన్నారు.

1926లో న్యూయార్క్‌లో నాటి ప్రపంచ విజేత జో స్టెచర్‌తో తలపడ్డాడు. స్టెచర్ అతడికంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు. పొద్దుబ్నీ ఓడిపోయాడు. అయినా జనం బారులు తీరారు. ఆ వయసులో ఆ నిలకడ చూడ్డానికే వచ్చారు. అక్కడి కుస్తీల వ్యాపారమూ అతడికి రుచించలేదు. 1927లో తిరిగి లెనిన్‌గ్రాడ్‌లో దిగాడు. అతడి పేరున అమెరికా బ్యాంకులో పెద్ద మొత్తం ఉండిపోయిందనీ, అది ఎన్నడూ చేతికి రాలేదనీ ఇప్పటికీ కథలు చెబుతారు.

తిరిగొచ్చాక అజోవ్ ఒడ్డున ఉన్న యెయిస్క్‌లో ఇల్లు కొనుక్కున్నాడు. ఆ ఊరు రష్యాలోని కుబాన్ ప్రాంతంలో ఉంది. ఒకప్పుడు ఉక్రెయిన్ కొసాక్కులు వలస వెళ్లి స్థిరపడ్డ నేల అది. బహుశా అందుకే అక్కడి యాస, అక్కడి వంట అతడికి పరాయివి అనిపించలేదేమో. 1930ల్లో గుర్తింపు పత్రంలో తన జాతి ‘రష్యన్’ అని రాసి ఉంటే, దాన్ని తన చేత్తో కొట్టేసి ‘ఉక్రేనియన్’ అనీ, ఇంటిపేరు ‘పిద్దుబ్నీ’ అనీ దిద్దుకున్నాడని, అందుకు పోలీసుల చేతిలో ఇబ్బందిపడ్డాడని చెబుతారు. స్టాలిన్ కాలంలో అదేమంత చిన్న సాహసం కాదు.

1939లో సోవియట్ ప్రభుత్వం అతడికి ‘ఆర్డర్ ఆఫ్ ది రెడ్ బ్యానర్ ఆఫ్ లేబర్’ పతకం ఇచ్చింది. 1941లో, 70 ఏళ్ల వయసులో గోదాకు సెలవు చెప్పాడు.

రొట్టె లెక్క

1942 ఆగస్టులో జర్మన్లు యెయిస్క్‌ని ఆక్రమించారు. ఊరు వదిలి వెళ్లలేదు పొద్దుబ్నీ. పొట్ట గడవడానికి బిలియర్డ్స్ ఆడే చోట పాయింట్లు లెక్కపెట్టే పనికి కుదిరాడు. తాగి అల్లరి చేసే సైనికులను మెడపట్టి బయటకు నెట్టడం కూడా అతడి పనే. సోవియట్ ప్రభుత్వమిచ్చిన పతకాన్ని కోటు మీద పెట్టుకుని, జర్మన్ల కళ్లముందే తిరిగేవాడు. ‘తీసేయ్’ అని ఎవరూ అనలేకపోయారట. ఊరు విముక్తి అయ్యాక సోవియట్ పోలీసులు అతడి మీద విచారణ జరిపారు. శత్రువులకు సాయం చేసిన దాఖలా ఏదీ దొరక్కపోవడంతో వదిలేశారు.

అప్పుడు మొదలైంది అసలు కుస్తీ. ఆకలితో.

కార్డు మీద ఇచ్చే రొట్టెకు మనిషి సైజుతో పనిలేదు. యాభై కిలోల గుమస్తాకూ అదే లెక్క, పొద్దుబ్నీకీ అదే లెక్క. అతడి ఒళ్లు మాత్రం యాభై ఏళ్ల పాటు మరో పద్ధతికి అలవాటైపోయింది. కండ పెద్దదైతే దాన్ని నిలబెట్టేందుకు తిండీ ఎక్కువ కావాలి. ఊరికే కూర్చున్నా సరే, ఆ కండ తన వాటా తాను అడుగుతూనే ఉంటుంది. వయసొచ్చిందని ఆకలి తగ్గలేదు. జీవితమంతా కొమ్ముకాసిన బలమే ముసలితనంలో మోయలేని బరువైంది. 200 గ్రాముల అర్జీ వెనక ఉన్న లెక్క ఇదీ.

పూటకు ఎంత దొరికితే అంత తిని, మిగతా పూట పడుకునేవాడు. దాచుకున్న పతకాలు ఒక్కటొక్కటిగా అమ్మి రొట్టె కొనుక్కున్నాడని చెబుతారు. 1945లో ‘గౌరవ క్రీడాచార్యుడు’ అనే బిరుదు వచ్చింది. బిరుదు గోడకు తగిలించుకోవడానికి పనికొచ్చింది. 1946-47ల్లో సోవియట్ దేశంలో చాలాచోట్ల కరవు విరుచుకుపడింది. 75 ఏళ్లు దాటిన పొద్దుబ్నీ ‘సర్కస్‌లో 50 ఏళ్లు’ అంటూ ప్రదర్శనలివ్వడానికి బయల్దేరాడు.

ఆ రోజుల్లోనే ఓసారి బజారు నుంచి వస్తూ పడిపోయాడు. తొడ ఎముక విరిగింది. 130 మంది మల్లుల పోటీలో రౌల్ కూడా పడేయలేకపోయిన మనిషిని చివరకు ఓ వీధి పడేసింది. ఎముక అతకలేదు. తర్వాత రెండేళ్లు చంకల్లో కర్రలతోనే నడక. అదీ గుమ్మం దాకా. 1949 ఆగస్టు 8న గుండెపోటుతో కన్నుమూశాడు. 77 ఏళ్లు.

ఎవరి వీరుడు?

పోయాక అందరికీ కావాల్సినవాడయ్యాడు. యెయిస్క్‌లో అతణ్ని ఖననం చేసిన పార్కుకు అతడి పేరే పెట్టారు. ఓ మ్యూజియం వెలిసింది. అతడి స్మారకంగా అంతర్జాతీయ గ్రీకో-రోమన్ పోటీలు ఏర్పాటు చేశారు. సమాధి రాయి మీద ‘రష్యన్ మహావీరుడు’ అని చెక్కారు. అటు ఉక్రెయిన్‌లో పుట్టిన ఊరు క్రాసెనివ్కాలోనూ విగ్రహం పెట్టారు. అతడు మావాడంటే మావాడని రెండు దేశాల వాళ్లూ అంటారు. 2014లో రష్యాలో అతడి మీద సినిమా తీస్తే ఉక్రెయిన్‌లో దాని ప్రదర్శనకు అనుమతివ్వలేదు. ఆ రెండు దేశాల మధ్య 2022లో పూర్తిస్థాయి యుద్ధమే మొదలయ్యాక ఈ తగవు ఇంకెంత ముదిరిందో చెప్పనక్కర్లేదు. గుర్తింపు పత్రం మీద అతడు దిద్దుకున్నాడని చెప్పే ఆ ఒక్క పదం ఇప్పుడు చాలామంది గుర్తుచేసుకుంటున్నారు.

గోదాలో అతడి వారసులూ తక్కువేం కాదు. వృత్తి మల్లుడు కావడంతో పొద్దుబ్నీకి ఒలింపిక్స్ తలుపు తెరుచుకోలేదు. ఆ తలుపు తోసుకుని వెళ్లింది కీవ్‌లో పుట్టిన ఒలెక్సాండర్ కొల్చిన్‌స్కీ. 1976లో మాంట్రియల్‌లో, 1980లో మాస్కోలో గ్రీకో-రోమన్ అత్యధిక బరువు విభాగంలో స్వర్ణాలు గెలిచాడు. రెండుసార్లూ వెండి పతకంతో సరిపెట్టుకున్నది బల్గేరియాకు చెందిన తోమొవ్ ఒక్కడే. స్వతంత్ర ఉక్రెయిన్ జెండా కింద 1996 అట్లాంటాలో 90 కిలోల విభాగంలో వ్యాచెస్లావ్ ఒలియ్నిక్ స్వర్ణం తెచ్చాడు. ఇప్పటికీ ఆ దేశంలో బరువైన మల్లుడెవడు గోదాలోకి దిగినా పెద్దవాళ్లు ముందు తలచుకునేది పిద్దుబ్నీనే.

విగ్రహాలకు రాయి దొరికింది. సినిమాలకు డబ్బు దొరికింది. పోటీలకు కప్పులు దొరికాయి. బతికున్నప్పుడు ఆ మనిషి అడిగింది మాత్రం ఇవేవీ కాదు. ఇంకో 200 గ్రాముల రొట్టె... అంతే.